పేలిన నక్షత్రాలు, "మన శాస్త్రాల్లో ముందే ఉంది" అనే మాట



మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. విశ్వం విస్తరిస్తోందని సైంటిస్టులు మొన్నమొన్న కనుక్కున్నారట, మన ఋషులు వేల ఏళ్ళ క్రితమే చెప్పేశారట, బ్రహ్మ అనే మాటకి అర్థమే అదట. కింద వరసగా దండాలు. పంపింది పెద్దవాళ్ళు కాబట్టి మనమూ ఒక దండం పెట్టి ఊరుకుంటాం. లోపల మాత్రం ఒక చిన్న ఇబ్బంది ఉంటుంది. ఒప్పుకుంటే చదువుకున్న చదువుకి అన్యాయం. కాదంటే ఇంట్లో "నీకు భక్తి లేదు" అంటారు.

ఈ పోస్ట్ ఆ ఇబ్బంది గురించే. అలా అనడం నిజంగా భక్తేనా? దానివల్ల శాస్త్రానికి గౌరవం పెరుగుతుందా, తగ్గుతుందా? జవాబు వెతకాలంటే ముందు, విశ్వం ఎలా విస్తరిస్తోందో మనుషులు అసలు ఎలా తెలుసుకున్నారో చూడాలి. ఆ కథ తెలిస్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

దీపాలతో దూరం కొలవడం

కార్తీక మాసంలో నదిలో దీపాలు వదులుతారు కదా. అన్నీ ఒకే సైజు ప్రమిదలు, ఒకే రకం వత్తులు అనుకోండి. ఒడ్డు నుంచి చూస్తే దగ్గరి దీపం బాగా కనిపిస్తుంది, దూరంగా పోయింది మిణుకుమంటుంది. దూరం రెండింతలైతే మనకి అందే వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతు. అంటే దీపం అసలు వెలుగు ఎంతో ముందే తెలిస్తే, ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్క కట్టేయొచ్చు.

ఆకాశంలో అలాంటి దీపాలు కావాలి. గెలాక్సీల అవతల నుంచి కూడా కనిపించేంత వెలుగుండాలి. అవే టైప్ వన్-ఏ సూపర్‌నోవాలు.

సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక కుంచించుకుపోయి వైట్ డ్వార్ఫ్ అవుతుంది. సైజు దాదాపు భూమి అంత, బరువు సూర్యుడితో పోల్చదగినంత. అయితే అది మోయగలిగే బరువుకి ఒక హద్దు ఉంది, సుమారు 1.4 సూర్యుళ్ళు. ఈ హద్దుని లెక్కగట్టినవాడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో మద్రాసులో డిగ్రీ ముగించుకుని ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ, 19 ఏళ్ళ వయసులో మొదలుపెట్టిన లెక్క అది. 1935లో ఆర్థర్ ఎడింగ్టన్ అంతటి పెద్ద శాస్త్రవేత్త నిండు సభలో దాన్ని కొట్టిపారేశాడు. చివరికి లెక్కే నిలిచింది. 1983లో చంద్రశేఖర్‌కి నోబెల్ వచ్చింది.

ఈ వైట్ డ్వార్ఫ్ పక్కన జంట నక్షత్రం ఉంటే, దాని నుంచి పదార్థం లాక్కుంటూ ఆ హద్దు దాకా పెరగొచ్చు. లేదా రెండు వైట్ డ్వార్ఫ్‌లు ఒకదాన్నొకటి ఢీకొనొచ్చు. ఏ దారి ఎక్కువ అనే చర్చ ఇంకా నడుస్తోంది. ఎలా జరిగినా లోపలి కార్బన్ ఒక్కసారిగా అంటుకుని నక్షత్రం మొత్తం పేలిపోతుంది. కొన్ని వారాల పాటు అది సుమారు 500 కోట్ల సూర్యుళ్ళంత వెలుగిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్ని ప్రమిదలూ అచ్చంగా ఒకేలా ఉండవు. కొన్ని కాస్త ఎక్కువ వెలుగుతాయి, కొన్ని తక్కువ. 1993లో మార్క్ ఫిలిప్స్ ఒక సంగతి చూపించాడు: ఎక్కువ వెలిగేవి నెమ్మదిగా ఆరిపోతాయి, తక్కువ వెలిగేవి త్వరగా ఆరిపోతాయి. అంటే ఎన్ని రోజుల్లో ఆరుతోందో గమనిస్తే దాని అసలు వెలుగు సరిచేసుకోవచ్చు. చిలీలోని టెలిస్కోపులతో మారియో హమూయ్, హోసే మాసా లాంటివాళ్ళు దగ్గరి సూపర్‌నోవాలని ఒక్కొక్కటిగా కొలిచి ఈ పద్ధతికి గట్టి పునాది వేశారు. ఈ కొలతలు లేకపోతే తరవాత వచ్చిన పెద్ద వార్త లేదు.

వెలుగు నుంచి దూరం తెలుస్తుంది. రంగు నుంచి ఇంకొకటి తెలుస్తుంది. ఆ వెలుగు మన దగ్గరికి ప్రయాణం చేస్తున్నంత కాలం మధ్యలో విశ్వం సాగుతూనే ఉంటుంది, దానితో పాటు వెలుగు తరంగం కూడా సాగి ఎరుపు వైపు జరుగుతుంది. దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటారు. దూరం ఒక పక్క, సాగిన లెక్క ఇంకో పక్క రాసుకుంటే, ఏ కాలంలో విశ్వం ఎంత వేగంగా విస్తరించిందో ఒక చరిత్ర బయటికొస్తుంది.

1998: అందరూ అనుకున్నది ఒకటి

విశ్వం విస్తరిస్తోందని 1920ల చివరి నుంచే తెలుసు. 1990లలో ప్రశ్న వేరు. గురుత్వాకర్షణ అన్నిటినీ వెనక్కి లాగుతుంది కాబట్టి విస్తరణ నెమ్మదించాలి. ఎంత నెమ్మదిస్తోంది? అది కొలవడానికి రెండు టీములు పోటీపడ్డాయి. ఒకటి సాల్ పెర్ల్‌మటర్ నడిపింది, ఇంకొకటి బ్రయాన్ ష్మిట్ నడిపింది.

ఒక గెలాక్సీలో ఇలాంటి పేలుడు కొన్ని వందల ఏళ్ళకి ఒకటో రెండో జరుగుతుంది. అందుకని ఒకేసారి వేల గెలాక్సీలని ఫోటో తీయాలి. అమావాస్య దాటగానే ఒకసారి, మూడు వారాల తరవాత మళ్ళీ ఒకసారి. ఒక ఫోటోలోంచి ఇంకో ఫోటో తీసేస్తే కొత్తగా వెలిగిన చుక్క మిగులుతుంది. అలా పట్టుకున్న చాలా చుక్కల వెలుగు మన సూర్యుడు పుట్టకముందు బయల్దేరింది.

1997 చివర్లో ష్మిట్ టీములో ఆడమ్ రీస్ లెక్క వేశాడు. విశ్వంలో పదార్థం ఎంత ఉందని అడిగితే కంప్యూటర్ మైనస్ అంకె ఇచ్చింది. కోడ్ రాసే ఎవరికైనా అలాంటప్పుడు మొదట వచ్చే అనుమానమే ఆయనకీ వచ్చింది, ఎక్కడో బగ్ ఉందని. వెతికాడు, దొరకలేదు. ఆస్ట్రేలియాలో ఉన్న ష్మిట్‌కి పంపాడు. ష్మిట్ తనంతట తానుగా లెక్క మళ్ళీ వేశాడు, అదే వచ్చింది. దూరపు సూపర్‌నోవాలు ఉండాల్సిన దానికంటే మసకగా ఉన్నాయి. అంటే అవి 10 నుంచి 15 శాతం ఎక్కువ దూరంలో ఉన్నాయి. విస్తరణ నెమ్మదించడం లేదు, వేగం పుంజుకుంటోంది.

ఇప్పుడు అసలు సంగతి. రీస్‌కి, ష్మిట్‌కి ఇద్దరికీ పీహెచ్‌డీ గురువు రాబర్ట్ కిర్ష్‌నర్. ఆయన కూడా ఆ టీములోనే ఉన్నారు. ఈ ఫలితం నిజమైతే ఐన్‌స్టీన్ 1917లో పెట్టి, తరవాత వదిలేసిన కాస్మలాజికల్ కాన్‌స్టంట్‌ని మళ్ళీ తేవాలి. 1998 జనవరిలో కిర్ష్‌నర్ ఒక ఈమెయిల్‌లో తన భయం చెప్పారు. ఇది తప్పని మీ గుండెకి తెలుసు, కేవలం చూసింది చెబుతున్నాం అని మీ బుద్ధి సర్దిచెప్పుకుంటోంది అని దాని సారాంశం. దానికి 28 ఏళ్ళ రీస్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఈ ఫలితాలని గుండెతోనూ కాదు, బుద్ధితోనూ కాదు, కళ్ళతో చూడండి, మనం చూసేవాళ్ళం కదా.

గురువు కోప్పడలేదు, శిష్యుడు అవమానించలేదు. అందరూ కలిసి తప్పు వెతికారు. మధ్యలో దుమ్ము అడ్డుపడి మసకబారిందేమో? దుమ్మైతే వెలుగుని ఎర్రబరచాలి, అందుకని రంగులు కొలిచారు. పాతకాలపు సూపర్‌నోవాలు వేరే రకమేమో? దగ్గరివాటితో పోల్చారు. ఒక టీము లెక్కలో 16 దూరపు సూపర్‌నోవాలు, ఇంకో టీము లెక్కలో 42. పోటీలో ఉన్న ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. 2011లో పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకి నోబెల్ ఇచ్చారు. ఇంతకీ వేగం పెంచుతున్నది ఏమిటి? దానికి డార్క్ ఎనర్జీ అని పేరైతే పెట్టారు. విశ్వంలో 70 శాతం దాకా అదే. అదేమిటో ఇంకా ఎవరికీ తెలీదు.

అవుట్‌పుట్ చూశాక రాసిన టెస్ట్

ఇప్పుడు మన ఫార్వర్డ్ దగ్గరికి వద్దాం. బ్రహ్మ అనే మాట "బృహ్" ధాతువు నుంచి వచ్చిందనీ, దానికి పెరగడం, పెద్దదవడం అనే అర్థం ఉందనీ అనడం నిజమే. అందులో అబద్ధం లేదు. ప్రశ్న వేరు. 1997లో ఆ మాట పట్టుకుని, విస్తరణ నెమ్మదించదు, వేగం పెరుగుతుంది అని ఎవరైనా చెప్పారా? ఒకవేళ రీస్ లెక్క అందరూ అనుకున్నట్టే వచ్చి ఉంటే, ఆ ఫార్వర్డ్ రాకుండా ఆగేదా? ఆగేది కాదు. అదే మాట, అవే దండాలు. ఏ జవాబొచ్చినా పాసయ్యే టెస్ట్ కేస్‌ని మనం టెస్ట్ అనం. అవుట్‌పుట్ చూశాక రాసిన టెస్ట్ దేన్నీ పరీక్షించదు.

అంకెల విషయం చూడండి. కల్పం, అంటే బ్రహ్మకి ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు సుమారు 454 కోట్లు. దగ్గరగా ఉంది కదా అని సంతోషపడతాం. విశ్వం వయసు మాత్రం సుమారు 1380 కోట్లు, పగలూ రాత్రీ కలిపితే 864 కోట్లు. ఇది కలవలేదు కాబట్టి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కలిసింది చూపించి, కలవనిది దాచడాన్ని ఆఫీసులో ఎవరైనా చేస్తే మనం ఏమంటామో తెలుసు.

ఇంకో ఉదాహరణ ఇంకా ముఖ్యం. 1980లో కార్ల్ సాగన్ తన కాస్మోస్ సిరీస్‌లో హిందువుల కాలగణనని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ క్లిప్ ఇప్పటికీ షేర్ అవుతుంది. ఆయన అక్కడ మాట్లాడింది విశ్వం విస్తరించి, మళ్ళీ ముడుచుకుని, మళ్ళీ పుట్టే అవకాశం గురించి. సృష్టి, ప్రళయం, మళ్ళీ సృష్టి అన్న మన భావనకి అది చక్కగా అతికింది. తరవాత 1998 వచ్చింది. వేగం పెరుగుతూ పోయే విశ్వం వెనక్కి ముడుచుకుంటుందన్న ఆశ బాగా తగ్గిపోయింది. మరి 1998లో ప్రళయం రద్దయిందా? సాగన్ మాటే మన నమ్మకానికి పునాది అయితే, రద్దయినట్టే ఒప్పుకోవాలి.

ఇక్కడ పోయేది చిన్న విషయం కాదు. ఒక పిల్లాడికి "సైన్స్ ఒప్పుకుంది కాబట్టి మన ధర్మం గొప్పది" అని నేర్పిస్తే, సైన్స్ మాట మార్చిన రోజు వాడు ధర్మాన్ని వదిలేస్తాడు. సైన్స్ మాట మారుస్తుంది, అది దాని పని. 2024, 2025లో డెసీ అనే సర్వే ఫలితాలు డార్క్ ఎనర్జీ కాలంతో పాటు బలహీనపడుతోందేమో అన్న సూచనలిచ్చాయి. ఇంకా రుజువు కాలేదు. సూపర్‌నోవాలతో కొలిస్తే విస్తరణ రేటు 73 దగ్గర వస్తోంది, విశ్వపు తొలి వెలుగుతో లెక్కిస్తే 67 దగ్గర. ఆ తేడా ఎందుకో తేలలేదు. ఇలాంటి సమయంలో "డార్క్ ఎనర్జీయే మహాకాళి" అని థంబ్‌నెయిల్ పెడితే, రేపు ఆ సిద్ధాంతం మారితే అమ్మవారిని ఏం చేస్తాం?

మరి గర్వపడకూడదా?

ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. మన పూర్వీకులకి ఏమీ తెలియదంటారా అని. అసలు కాదు. గర్వపడటానికి చాలా ఉంది, అయితే అది వేరే చోట ఉంది.

కేరళలో వటశ్శేరి పరమేశ్వరుడని ఒక పండితుడు ఉండేవాడు. పాత పద్ధతిలో గ్రహణాలు లెక్కిస్తే ఆకాశంలో జరిగేదానికి తేడా వస్తోందని గమనించాడు. సుమారు 55 ఏళ్ళ పాటు గ్రహణాలని కళ్ళతో చూశాడు, రాసుకున్నాడు, లెక్కలు సరిచేశాడు. 1431లో ఆయన ఇచ్చిన పద్ధతి పేరు దృగ్గణితం. దృక్ అంటే చూపు. చూపుతో సరిపోయే గణితం అన్నమాట. గ్రంథం ఒకటి చెప్పి ఆకాశం ఇంకొకటి చెప్పినప్పుడు, ఆయన ఆకాశాన్ని తిట్టలేదు, గ్రంథాన్ని విసిరేయలేదు. లెక్క దిద్దాడు. ఇప్పటికీ తెలుగు పంచాంగాల మీద "దృగ్గణితం", "దృక్ సిద్ధాంతం" అనే మాటలు కనిపిస్తాయి, పండగ ఏ రోజో తేలక గొడవ వచ్చినప్పుడల్లా వింటాం కూడా.

రీస్ తన గురువుకి చెప్పిన "కళ్ళతో చూడండి" అనే మాట, పరమేశ్వరుడు ఎప్పుడో చేసి చూపించిన పని. మనది అని చెప్పుకోవాల్సిన వారసత్వం ఇది. "ముందే ఉంది" అన్న ఒక్క మాటతో పరమేశ్వరుడి 55 ఏళ్ళనీ, ఓడలో కూర్చున్న చంద్రశేఖర్ లెక్కనీ మనమే కొట్టిపారేస్తున్నాం. అంతా ముందే ఉంటే వాళ్ళు కష్టపడింది ఎందుకు?

ఈ సమస్య మనకొక్కళ్ళకే కాదు. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే రాసిన జార్జ్ లెమెట్ర్ ఒక క్యాథలిక్ ఫాదర్. అంతా ఒక తొలి క్షణం నుంచి మొదలైందన్న ఆలోచన కూడా ఆయనదే. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం తమ సృష్టి నమ్మకానికి బలమిస్తోందన్నట్టు ప్రసంగించారు. దాన్ని కనుక్కున్న భక్తుడే సంతోషపడాలి కదా? లెమెట్ర్‌కి అది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మత విషయాల్లోకి లాగొద్దనే ఆయన కోరుకున్నారు. ఆయన పూజ మానలేదు, లెక్కా మానలేదు. ఒకదానికి ఇంకొకటి సాక్ష్యం చెప్పాలని అడగలేదు, అంతే.

సంకల్పంలో రెండూ ఉన్నాయి

అయితే కల్పాలు, మన్వంతరాలు దేనికి? కొలత కాకపోతే అవి వట్టి కథలా?

పూజలో సంకల్పం గుర్తు చేసుకోండి. ఏ కల్పంలో ఉన్నామో చెప్పి, ఏ మన్వంతరం, ఏ యుగం, ఏ ప్రదేశం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి అని దిగుతూ వచ్చి, చివరికి గోత్రం, పేరు చెబుతాం. అప్పుడు "నేను ఈ పని చేస్తాను" అంటాం. అంత పెద్ద కాలం ముందు నిలబెట్టి మనల్ని అడిగే ప్రశ్న విశ్వం వయసెంత అని కాదు. ఇంత పెద్దదాన్లో, ఇంత చిన్నవాడివి, ఈ రోజు ఏం చేయబోతున్నావు అని. ఆ ప్రశ్నకి ఏ టెలిస్కోపూ జవాబు చెప్పదు, చెప్పాల్సిన పని కూడా దానికి లేదు.

అదే సంకల్పంలో తిథి కూడా ఉంది. తిథి కొలిచి తెలుసుకునేది. సూర్యుడు, చంద్రుడు నిజంగా ఎక్కడున్నారో లెక్కగట్టి పంచాంగంలో వేస్తారు. పంతులుగారు సంకల్పం చెప్పించే ముందు పంచాంగం చూస్తారు, ఊహించి చెప్పరు. కల్పం మన స్థానం గుర్తుచేస్తుంది, తిథి సరిగ్గా ఉండాలి. రెండూ ఒకే గుక్కలో చెబుతున్నా, ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. ఆ తేడా మన పెద్దలు ఆచారంలోనే పెట్టారు.

ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం కూడా సృష్టి ఎలా జరిగిందో తేల్చేయదు. పై నుంచి చూసేవాడికైనా తెలుసో లేదో అన్న సందేహంతో ముగుస్తుంది. అంత సందేహాన్ని వేదంలో దాచుకున్న సంప్రదాయానికి, నోబెల్ కమిటీ సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వాల్సిన అవసరం ఉందా? శ్రద్ధ అంటే ముందే తెలుసని చెప్పుకోవడం కాదు. నిజం ఎటు తీసుకెళ్ళినా నా దైవం అక్కడ ఉంటాడన్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడికి మైనస్ అంకె వచ్చినా భయం లేదు.

భక్తితో ఆకాశం చూడొద్దనడం లేదు. టైప్ వన్-ఏ పేలుడులో నికెల్ తయారవుతుంది, అది కోబాల్ట్‌గా మారి, చివరికి ఇనుమవుతుంది. విశ్వంలో ఉన్న ఇనుములో పెద్ద భాగం ఇలా పుట్టిందే. మన రక్తంలో ఉన్న ఇనుములోనూ కొంత అలాంటి దీపాల నుంచి వచ్చిందే. అది తెలిసి చేతులు జోడించాలనిపిస్తే జోడించండి. ఆ భావం పూర్తిగా మనది. దానికి ఎవరి క్రెడిట్ తీసుకోనక్కర్లేదు.

ఈసారి ఆ ఫార్వర్డ్ వస్తే అత్తయ్యతోనో బాబాయితోనో గొడవ పెట్టుకోకండి. వాళ్ళు పంపింది ప్రేమతోనే. వీలైతే పరమేశ్వరుడి గురించి రెండు మాటలు చెప్పండి, ఇంట్లో పంచాంగం ఉంటే దాని మీద దృక్ అనే మాట ఉందేమో వెతికి చూపించండి. "మనవాళ్ళు ఇంత గొప్పవాళ్ళా" అని వాళ్ళే సంతోషిస్తారు, ఈసారి ఉన్న విషయానికి.

శుభం.